ఎడమ పక్కకే అంటే ఎట్ల? 30 వారాల గర్భిణి, తుంటి నొప్పి, నిద్రలేమి: ఒక కేస్ స్టడీ

చండూరు వైపు ఒక చేనేత ఊరి నుంచి వచ్చిందామె. వయసు 26. రెండో కాన్పు. మొదటి బిడ్డకు నాలుగేళ్లు, అది మామూలు కాన్పే. గైనకాలజిస్టు రాసిచ్చిన చీటీలో "30 వారాలు, ఎడమ తుంటి నొప్పి, నిద్ర లేదు" అని మాత్రమే ఉంది. నేను నల్లగొండలో ఫిజియోథెరపిస్టుని. ఆమె, ఆమె ఇంటివాళ్లు సరేనన్నాకే ఈ కేసు రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పడం లేదు.

నొప్పి ఎక్కడ అని అడిగితే చెయ్యి నేరుగా ఎడమ తుంటి పక్కకు పోయింది. "ఒక్క దిక్కే పండుకొని పండుకొని ఈ బొక్క మండుతుంది మేడం. రాత్రి మూడు గంటలన్న నిద్ర పడతలేదు" అంది. కుడి పక్కకు ఎందుకు తిరగవని అడిగాను. రెండు కారణాలు చెప్పింది. ఆసుపత్రిలో ఎవరో ఎడమ పక్కకే పండుకోవాలన్నారు, లేకపోతే బిడ్డకు రక్తం అందదన్నారు. రెండోది అత్తమ్మ మాట: కడుపుతో ఉన్నవాళ్లు పండుకున్నచోటే పొర్లకూడదు, లేచి కూర్చుని మర్లాలి, లేకపోతే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది. "లేసి కూసుంటే ఈడ కలుక్కుమంటది" అని పొత్తికడుపు కింద ఎముక మీద వేలు పెట్టి చూపించింది. అందుకని అసలు మర్లడమే మానేసింది. నొప్పి తట్టుకోలేనప్పుడు, తెల్లవారుజామున ఒళ్లు అలిసి తనకు తెలియకుండానే వెల్లకిలా పడి ఉంటోంది. మెలకువ వచ్చి చూసుకుంటే ఏడుపు.

ఈ రెండు మాటలూ ఆమె మీద ప్రేమతో చెప్పినవే. విడివిడిగా చూస్తే రెండింటిలోనూ పెద్ద ప్రమాదం కనపడదు. రెండూ కలిసి ఆమెను రాత్రంతా ఒకే ఎముక మీద పడుకోబెట్టాయి.

పరీక్షలో తేలింది

బీపీ 110/70. కాళ్లకు వాపు పెద్దగా లేదు, పిక్క నొక్కితే నొప్పి లేదు. జ్వరం, మూత్రంలో మంట, తలనొప్పి, కళ్లు మసకబారడం, అరచేతులు రాత్రిపూట దురద పెట్టడం, గట్టి గురక, ఇవన్నీ అడిగాను, లేవు. బిడ్డ కదలికలు బాగున్నాయి. గర్భిణి "నిద్ర పడతలేదు" అన్నప్పుడు ముందుగా వీటిని అడగాలి. ఈ లక్షణాల్లో ఏది ఉన్నా దిండ్ల సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి తిప్పి పంపాలి. హిమోగ్లోబిన్ 9.4, అంటే రక్తం తక్కువ.

తుంటి పక్కన తొడ ఎముక పొడుచుకొచ్చే చోట నొక్కితే ఎడమవైపు బాగా నొప్పి, కుడివైపు కొంచెమే. అది ఒత్తిడి వల్ల వచ్చిన నొప్పి. ముందువైపు రెండు కటి ఎముకలు కలిసే సింఫిసిస్ కీలు మీద కూడా నొప్పి ఉంది. వీపు కింద వాలుగా దిండు పెట్టి, కాలు వంచకుండా లేపమన్నాను. ఎడమ కాలు బరువుగా, వణుకుతూ లేచింది. నా రెండు చేతులతో తుంటిని రెండు పక్కల నుంచి బిగించి పట్టుకుని మళ్లీ లేపమంటే తేలిగ్గా లేచింది. కటి వలయపు కీళ్లలో పట్టు తగ్గిందని, బిగింపు ఇస్తే నొప్పి తగ్గుతుందని ఈ పరీక్ష చెబుతుంది. గర్భంలో వచ్చే పెల్విక్ గర్డిల్ నొప్పి ఇదే. కాళ్లు రెండూ ఎడంగా జరిగినప్పుడు, ఒంటికాలి మీద బరువు పడినప్పుడు, పక్క మీద తిరిగినప్పుడు ఎక్కువ అవుతుంది.

వెల్లకిలా పడుకుంటే ఏమవుతుందని అడిగితే ఇంకో సంగతి చెప్పింది. స్కానింగ్ బల్ల మీద ఒకసారి చెమటలు పట్టి కళ్లు తిరిగాయట, పక్కకు తిప్పగానే తేరుకుందట. అంటే ఆమె శరీరం వెల్లకిలా పడుకోవడాన్ని ముందే వద్దంది.

ఇల్లు

ఇలాంటి కేసుల్లో పక్క చూడకుండా సలహా చెప్పడం నాకు నచ్చదు. వీలైతే ఇంటికి వెళతాను. వీలు కాకపోతే ఫోనులో ఫొటో తెప్పించుకుంటాను. ఈ ఇంటికి వెళ్లాను.

ముందుగదిలో గుంట మగ్గం, పక్కన ఆసు పోసే చట్రం, మూలన కండెలు చుట్టే రాట్నం. భర్త నేస్తాడు. ఆసు, కండెలు ఆమె పని. ఆసు పోయడమంటే ఒక్క చీరకు దారం పట్టుకుని చెయ్యి దాదాపు 9,000 సార్లు కొయ్యల చుట్టూ ఆడాలి, నాలుగైదు గంటల పని. తల్లి ఈ పనితో పడే భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు, ఆయనదీ ఉమ్మడి నల్లగొండ జిల్లానే. ఆ యంత్రం ఈ ఇంటికింకా రాలేదు. రాట్నం ముందు ఆమె కాళ్లు రెండూ కుడిపక్కకు మడిచి కూర్చుంటుంది, బరువంతా ఎడమ పిరుదు మీద. పగలు ఎడమ మీదే, రాత్రి ఎడమ మీదే.

లోపలి గదిలో ఒకే నులక మంచం. దాని మీద అత్తమ్మ పడుకుంటుంది. ఆమె నడుము, మెడ బిగుసుకుపోయాయి, నేల మీద నుంచి లేవలేదు. చండూరు, మర్రిగూడ, నాంపల్లి వైపు కృష్ణా నీళ్లు ఇళ్లకు రాకముందు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరంలో ఇలాంటి నడుములు ఎన్నో చూశాను. మంచం కోడలికి ఇవ్వమని నేను అడగలేదు, అడగకూడదు కూడా. పైగా నులక వదులై మధ్యలో కుంగిన మంచం మీద పక్కకు పడుకుంటే నడుము ఉయ్యాలలా వంగుతుంది, తిరగడం ఇంకా కష్టం.

ఆమె పక్క: బండల నేల, చాప, దాని మీద ఒకే ఒక పలుచని బొంత. తల కింద బూరుగు దూది మెత్త. మోకాళ్ల మధ్య ఇంకో చిన్న మెత్త, అది పెట్టుకోమని ఆశా కార్యకర్త చెప్పిందట. మంచి సలహానే. కానీ ఆ మెత్త మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. పై కాలి పాదం కిందికి జారి నేలకు ఆనుతోంది. పాదం కిందికి జారితే తొడ మెలి తిరుగుతుంది, ఆ మెలి నేరుగా కటి కీలును లాగుతుంది.

ఎడమ మాట ఎక్కడిది

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన దగ్గర సగమే చెప్పి వదిలేస్తున్నది ఇదే.

కడుపులో నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర వెన్నెముకకు కుడిపక్కగా ఉంటుంది. ఏడో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు దాని మీద, పక్కనున్న బృహద్ధమని మీద పడుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. కొందరికి స్కానింగ్ బల్ల మీద కళ్లు తిరగడం అందుకే. ఎడమకు పడుకుంటే బరువు ఆ సిర నుంచి పక్కకు తొలుగుతుంది కాబట్టి ఎడమ మంచిదన్నారు. 2011లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ అధ్యయనం ఆ మాటకు బలం ఇచ్చింది.

తర్వాత వచ్చిన అధ్యయనాలను కలిపి 2019లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 28 వారాలు దాటాక బిడ్డను కడుపులోనే పోగొట్టుకున్న 851 మంది తల్లులు, గర్భం సాగుతున్న 2,257 మంది గర్భిణుల వివరాలు అందులో ఉన్నాయి. వెల్లకిలా నిద్రకు ఉపక్రమించిన వాళ్లలో ప్రమాదం దాదాపు రెండున్నర రెట్లు కనిపించింది. కుడిపక్కకు పడుకున్న వాళ్లకూ ఎడమపక్కకు పడుకున్న వాళ్లకూ తేడా ఏమీ కనిపించలేదు. అదే ఏడాది అమెరికాలో ఎనిమిది వేలమందికి పైగా గర్భిణుల మీద వచ్చిన మరో అధ్యయనంలో 30 వారాల లోపు ఏ భంగిమకూ ముప్పుతో సంబంధం కనపడలేదు. 2021లో బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకం కూడా 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రకు ఉపక్రమించవద్దని మాత్రమే చెప్పింది.

రెండున్నర రెట్లు అనగానే గుండె జారిపోకూడదు. అసలు ప్రమాదమే చిన్నది, అందులో అది రెండున్నర రెట్లు. ఇంకోటి, ఈ లెక్కలన్నీ నిద్రకు ఉపక్రమించిన భంగిమ గురించి. రాత్రిలో మనిషి ఎక్కువసేపు ఉండేది సాధారణంగా ఆ భంగిమలోనే. తెల్లవారుజామున వెల్లకిలా మెలకువ వస్తే అది తప్పు కాదు, మళ్లీ పక్కకు తిరిగితే చాలు. ఆ ఒక్క మాట విన్నప్పుడు ఆమె ముఖంలో వచ్చిన నెమ్మది నాకు ఇప్పటికీ గుర్తుంది. అన్ని వారాలుగా తను బిడ్డకు ద్రోహం చేస్తున్నాననుకుంటూ నిద్ర లేస్తోంది ఆ పిల్ల.

ఏం మార్చాం

ముందు నేల. ఇంట్లో ఉన్న బొంతలు మూడు ఒకదాని మీద ఒకటి పరిపించాను. అరచేత్తో గట్టిగా నొక్కితే బండ తగలకూడదు, అదే కొలత. నడుముకూ పక్కకూ మధ్య ఖాళీలో మడిచిన తువ్వాలు పెట్టాం. నడుము కిందికి జారకుండా ఉంటే తుంటి మీద బరువు కొంత పంచుకుంటుంది.

తర్వాత కాళ్లు. పాత నూలు చీరలు గట్టిగా చుట్టి, ఇంకో చీరతో సంచిలా కుట్టిన పొడవాటి చుట్ట చేయించాం. తొడల మొదలు నుంచి మడమ దాకా అందాలి. పై కాలు కింది కాలికి సమాంతరంగా ఉండేంత లావు ఉండాలి. దూది మెత్త రాత్రిలో అణిగిపోతుంది, చీరల చుట్ట అణగదు. బజారులో గర్భిణుల దిండ్లని అమ్ముతారు, వాటి మీద నాకు కోపం లేదు, కానీ మగ్గం ఇంట్లో దాని ఖర్చు అక్కర్లేదు. మిగిలిన చీర ముక్కతో పొట్ట కింద పలుచని ఒత్తు, వీపు వెనక ఇంకో మడత. ఆ మడత వల్ల నిద్రలో వెనక్కి ఒరిగినా పూర్తిగా వెల్లకిలా కాకుండా వాలుగా ఆగిపోతుంది.

మర్లడం దగ్గరే అసలు చిక్కు. అత్తమ్మతో వాదన పెట్టుకోవాలనిపించలేదు. ఆమె ఎదుటే కూర్చుని చెప్పాను: బిడ్డ నీళ్లలో తేలుతూ తనే తిరుగుతుంది, పేగు చుట్టుకోవడం బిడ్డ తిరుగుడు వల్ల, తల్లి పొర్లడం వల్ల కాదు. నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో మెడకు పేగు కనిపిస్తుంది, చాలాసార్లు ఏమీ కాదు. ఆమె ఓపిగ్గా విని, "నువు సదువుకున్నదానివి బిడ్డా, గని మా అమ్మ చెప్పింది నేనెట్ల ఇడవాలె?" అంది. న్యాయమైన ప్రశ్న.

అందుకని వెల్లకిలా పొర్లకుండా, లేచి కూర్చోకుండా తిరిగే పద్ధతి నేర్పాను. పక్కకు పడుకున్న చోట నుంచే చేతులు ఆనించి బోర్లా వైపు తిరుగుతూ మోకాళ్లూ అరచేతుల మీదికి రావాలి. పొట్ట కిందికి వేలాడుతుంది, నడుముకు హాయిగా ఉంటుంది. ఒక ఊపిరి తీసుకుని, మోకాళ్లు దగ్గరగా ఉంచుకునే రెండో పక్కకు తుంటి దింపి ఒరగాలి. కాళ్లు ఎడం కావు కాబట్టి సింఫిసిస్ దగ్గర కలుక్కుమనదు. మొదటిసారే నొప్పి లేకుండా తిరిగింది. అత్తమ్మ మంచం మీద నుంచి చూసి, "గిట్లయితె పొర్లినట్టు కాదు" అని ఒప్పుకుంది. నేల మీద నుంచి లేచేటప్పుడూ ఇదే దారి: పక్కకు, మోకాళ్ల మీదికి, గోడ పట్టుకుని ఒక పాదం, తర్వాత రెండోది.

పగటి పని గురించి భర్తతో మాట్లాడాను. కాన్పు అయ్యేదాకా ఆసు ఆయన చెల్లెలు పోస్తుంది. కండెలు ఈమె చుడుతుంది, కానీ ఎత్తు పీట మీద, పాదాలు రెండూ నేలకు ఆనించి, అరగంటకోసారి లేచి. నీళ్ల బిందె చంకన పెట్టుకోవడం బందు. పగలు నడిచేటప్పుడు కటి బెల్టు, రాత్రి అది తీసేయాలి. పిరుదు కండరాలకు, పొట్ట లోతు కండరాలకు చిన్న వ్యాయామాలు మూడు ఇచ్చాను. ఎక్కువ ఇస్తే ఎవరూ చేయరు.

గుండెమంట సంగతి తనంతట తను చెప్పలేదు, అడిగితే తెలిసింది. మగ్గం పని ముగిశాక తొమ్మిదిన్నరకు పచ్చిమిరపకాయ తొక్కుతో అన్నం, వెంటనే పడక. అన్నం ఏడింటికి జరిపింది. తల ఒక్కటే ఎత్తకుండా భుజాల కింద నుంచి బొంత మడిచి వాలు చేశాం. మంట ఉన్న రాత్రి ఎడమకు పడుకోవడం నిజంగానే మేలు, ఎడమపక్కన ఉన్నప్పుడు కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి అంత తేలిగ్గా ఎగదన్నదు. ఎడమ మాటకు ఇక్కడ పూర్తి విలువ ఉంది.

పడుకోగానే కాళ్లలో జివ్వుమని గుంజడం, కదిపితే తప్ప ఊరుకోకపోవడం కూడా ఉంది. దీనికి ఇనుము లోపం ఒక కారణం కావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది, కాబట్టి ఇది అరుదైన సంగతి కాదు. ఆమె ఐరన్ బిళ్ల, కాల్షియం బిళ్ల రెండూ కలిపి సాయంత్రం చాయ్‌తో వేసుకుంటోంది. చాయ్, కాల్షియం రెండూ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మోతాదు నా పరిధి కాదు, డాక్టరుకు రాసి పంపాను. ఆవిడ ఐరన్ రోజుకు రెండు చేసి, కాల్షియంకు దూరంగా, నిమ్మకాయ నీళ్లతో వేసుకోమన్నారు. పిక్క పట్టేస్తే పాదాన్ని తనవైపు లాక్కోవడం, పడుకునే ముందు గోడకు చేతులానించి పిక్క సాగదీయడం నేను నేర్పాను.

తర్వాతి వారాలు

వారం తిరిగేసరికి తుంటి మంట సగానికి తగ్గింది. ఒకేబిగిన రెండు మూడు గంటలు నిద్ర పడుతోంది, మూత్రానికి లేచి వచ్చాక రెండో పక్కకు పడుకుంటోంది. మూత్రానికి లేవడం తగ్గలేదు, ఆ నెలల్లో తగ్గదు కూడా. రాత్రి మొత్తం మీద ఐదారు గంటలైంది. కాళ్ల గుంజుడు తగ్గడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టింది. అది ఐరన్ వల్లో, నిద్ర కుదుటపడటం వల్లో విడదీసి చెప్పలేను.

32వ వారంలో ఒక పొద్దున ఫోను చేసింది. వెల్లకిలా మెలకువ వచ్చిందట, గొంతు వణుకుతోంది. బిడ్డ కదులుతుందా అని అడిగాను. ఎప్పటిలాగే తంతుందంది. అయితే భయం లేదని చెప్పి, కదలిక తగ్గినట్టు అనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా, ఏదైనా తిని చూద్దామని కూర్చోకుండా, వెంటనే ఆసుపత్రికి పోవాలని మళ్లీ చెప్పాను. ఏ పక్కకు పడుకున్నామన్నదాని కన్నా ఇది ఎన్నో రెట్లు ముఖ్యం. వీపు వెనక మడత కొంచెం లావు చేయించాం.

35వ వారంలో బతుకమ్మ వచ్చింది. సద్దుల నాడు ఆమె వంగి, చప్పట్లు కొడుతూ ఆడింది. మర్నాడు సింఫిసిస్ నొప్పి తిరగబెట్టి రెండు రోజులు నడక కష్టమైంది. ముందే అడిగి ఉంటే వద్దని నేను అనేదాన్ని కాదు, తక్కువ సేపు, అడుగులు చిన్నవిగా వేయమనేదాన్ని. బెల్టు, విశ్రాంతితో తగ్గింది.

39 వారాలకు ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పు. ఆడపిల్ల, 2.8 కిలోలు. ఈ నెలల్లో ఆమె ఎడం చేయలేని కాళ్లను నొప్పుల్లో ఎంతవరకు ఎడం చేయించవచ్చో కొలిచి చీటీ మీద ముందే రాసిచ్చాను. నర్సులు దాన్ని చూసి పక్కకు పడుకోబెట్టే కాన్పు చేశారు. పేగు బిడ్డ మెడకు ఒక చుట్టు వదులుగా ఉంది. నర్సు వేలితో తప్పించింది, పిల్ల వెంటనే ఏడ్చింది.

అత్తమ్మ ఆ సంగతి నాకు చెబుతూ కళ్లలోకి చూసింది. నేనూ దాటవేయలేదు. మొదటి రోజే చెప్పినట్టు నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో ఇలా ఉంటుంది, కోడలు మీరు చెప్పినట్టే తెలిసి ఒక్కసారి కూడా పొర్లలేదు, అయినా చుట్టుకుంది కదా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితె అది పిల్ల తిరుగుడే" అంది.

ఆరు వారాలకు చూసినప్పుడు ఎడమ కాలు సులువుగా లేచింది, సింఫిసిస్ మీద నొక్కితే కొద్దిపాటి నొప్పి. హిమోగ్లోబిన్ 10.6, ఐరన్ ఇంకా కొనసాగుతోంది. పక్కకు పడుకుని పాలిచ్చేటప్పుడు చీరల చుట్ట కాళ్ల మధ్య అలాగే పెట్టుకుంటోంది. ఆసు పనికి ఇంకో రెండు నెలలు ఆగమని, మొదలుపెట్టినా పీట వదలొద్దని చెప్పి పంపాను.